స్వేచ్ఛ, ఉచితం, యాజమాన్యం: సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వివాదంలో తెలుగు పరిభాష – రేనాటి పాఠాల భవితవ్యం

ఉపోద్ఘాతం

భారత కాపీరైట్ చట్టం (1957) 'సాహిత్య కృతి' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. 1984 నాటి సవరణ వాటిని ఆ పరిధిలోకి తెచ్చింది. కావ్యానికీ నవలకూ నిఘంటువుకూ వర్తించే హక్కుల చట్రమే ప్రోగ్రాముకూ వర్తిస్తుందన్నమాట. చట్టం సాహిత్యంగా గుర్తించిన ఈ రచనారూపాన్ని తెలుగు సాహిత్య విమర్శ తన పరిధికి వెలుపలిదిగానే భావిస్తూ వచ్చింది. ఆ రచనను ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు పంచవచ్చు అన్న ప్రశ్నలపై నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న వివాదం పాఠం, కర్తృత్వం, ప్రతి, పరిష్కరణ వంటి సాహిత్య భావనలతోనే నడుస్తున్నది. ఆ వివాదం తెలుగులోకి ఏ మాటలతో వచ్చిందో, ఆ మాటలు దాని అర్థాన్ని ఎంతవరకు నిలబెట్టాయో పరిశీలించడం ఈ వ్యాసం మొదటి లక్ష్యం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సాహిత్య పాఠాల భవిష్యత్తుతో దానికున్న సంబంధాన్ని నిరూపించడం రెండవది.

వివాద స్వరూపం

ప్రోగ్రాములను వెల చెల్లించకుండా నకలు చేసుకోవడం దొంగతనమేనని వాదిస్తూ బిల్ గేట్స్ 1976లో ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాశారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, ఇందుకు పూర్తిగా భిన్నమైన సూత్రాన్ని ముందుకు తెచ్చారు. ప్రోగ్రామును ఏ ప్రయోజనానికైనా నడుపుకోవడం, దాని సోర్స్ కోడ్‌ను, అంటే మూలసంకేతాన్ని, చదివి మార్చుకోవడం, ప్రతులను పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం అన్న నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉండాలన్నది ఆ సూత్రసారం. దాన్ని చట్టబద్ధం చేసిన జనరల్ పబ్లిక్ లైసెన్స్ (జి.పి.ఎల్.) తొలిరూపం 1989లో, రెండవ రూపం 1991లో, మూడవ రూపం 2007లో వెలువడ్డాయి. 'ఓపెన్ సోర్స్' అన్న మాట 1998లో పుట్టింది. నైతిక వాదాన్ని పక్కన ఉంచి, బహిరంగ పద్ధతిలో రాసిన కోడ్ మెరుగ్గా ఉంటుందన్న ప్రయోజనవాదాన్ని అది ముందుకు తెచ్చింది.

ఈ శిబిరంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఎం.ఐ.టి., బి.ఎస్.డి. వంటి అనుమతి లైసెన్సులు కర్త పేరును, లైసెన్సు పాఠాన్ని నిలిపితే చాలునంటాయి. ఆ కోడ్‌ను తీసుకొని మూసివేసిన ఉత్పత్తిలో కలిపి అమ్ముకోవడాన్ని అవి అడ్డుకోవు. జి.పి.ఎల్. అందుకు అంగీకరించదు. మార్చి పంచేవారు అవే స్వేచ్ఛలను తరువాతివారికి అందించి తీరాలని షరతు పెడుతుంది. కనుక వివాదం యాజమాన్య కోడ్‌కూ బహిరంగ కోడ్‌కూ మధ్య మాత్రమే ఉన్నదనుకోవడం పొరపాటు. స్వీకర్తకు హద్దులేని స్వేచ్ఛ ఇవ్వాలా, స్వేచ్ఛను నిలబెట్టే కట్టుబాటుతో కలిపి ఇవ్వాలా అన్నది అంతకంటె లోతైన ప్రశ్న.

పరిభాషా విమర్శ

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాట వెలలేనితనాన్నీ, బంధనం లేనితనాన్నీ కూడా చెబుతుంది. ఆ ఉద్యమం తన పేరుకు తానే వివరణ ఇచ్చుకోవలసి రావడానికి ఈ ద్వ్యర్థమే కారణం. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. ఉచితంగా దొరికే ప్రోగ్రాము మూలసంకేతం మూసి ఉండవచ్చు. స్వేచ్ఛ ఉన్న ప్రోగ్రామును వెలకు అమ్మవచ్చు. అయినా వాడుకలో 'ఉచిత సాఫ్ట్‌వేర్' అన్న అనువాదం తరచుగా కనిపిస్తుంది. మూలభాషకు లేని స్పష్టత లక్ష్యభాషకు ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడం అనువాదకుని వైఫల్యమే. 2005లో హైదరాబాద్‌లో ప్రారంభమై గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకొన్న సంస్థ 'స్వేచ్ఛ' అన్న పేరునే ఎంచుకోవడం ఈ దృష్టితో సార్థకమైన నిర్ణయం.

ఈ చర్చకు పులివెందుల సీమ నుంచే ఒక సైద్ధాంతిక ఆధారం లభిస్తుంది. సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడుగా పనిచేశారు. ఆయన 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మాట కంటె అర్థానికి, నిఘంటువు కంటె పాఠకుని గ్రహింపుకు ప్రాధాన్యమిచ్చే ఆ విమర్శ సంప్రదాయంలో పరీక్షిస్తే 'స్వేచ్ఛ' కూడా సంపూర్ణమైన పదం కాదని తేలుతుంది. 'స్వ', 'ఇచ్ఛ'ల కలయికగా ఆ మాట తన ఇష్టానుసారం నడచుకోవడాన్ని సూచిస్తుంది. ఆ అర్థం అనుమతి లైసెన్సులకు సరిపోతుంది. షరతుతో కూడిన జి.పి.ఎల్.కు 'స్వాతంత్ర్యం' దగ్గరి మాట. తంత్రం లేకపోవడం కాక తన తంత్రం తనకే ఉండడం దాని అర్థం. అయితే సాహిత్య వ్యవహారంలో 'స్వతంత్ర రచన' అంటే అనువాదమో అనుకరణో కానిది అన్న అర్థం స్థిరపడి ఉంది. ఒకరి కోడ్‌పై మరొకరు ఆధారపడడమే జీవలక్షణమైన రచనను 'స్వతంత్ర సాఫ్ట్‌వేర్' అంటే తెలుగు పాఠకునికి విరుద్ధార్థం స్ఫురించే ప్రమాదముంది. కాబట్టి వర్గనామంగా 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్'ను నిలిపి, జి.పి.ఎల్. వంటివాటిని 'షరతుతో కూడిన స్వేచ్ఛ'గా వివరించడం మేలు.

'యాజమాన్య సాఫ్ట్‌వేర్' అన్న ప్రయోగంలో దోషం మరింత గాఢమైనది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు యజమాని లేడన్న భ్రమను అది కలిగిస్తుంది. వాస్తవంలో జి.పి.ఎల్. బలమంతా కర్తకు చట్టం ఇచ్చిన కాపీరైట్‌లోనే ఉంది. హక్కు ఉన్నవాడే షరతు పెట్టగలడు. యాజమాన్యం రెండు పక్షాలలోనూ ఉన్నప్పుడు దాన్నే భేదకంగా చూపడం కుదరదు. ఆ హక్కును వాడుకరిని అడ్డుకోవడానికి వినియోగించారా, వాడుకరికి అవకాశమివ్వడానికి వినియోగించారా అన్నదే అసలు భేదం. 'ఆంక్షిత సాఫ్ట్‌వేర్' అన్న మాట ఈ భేదాన్ని సూటిగా చెబుతుంది. రా.రా. గ్రంథాలలో 'వ్యక్తిస్వాతంత్ర్యం – సమాజ శ్రేయస్సు' ఒకటి. దానికి ఈ రంగంతో సంబంధం లేదు. అయినా ఆ శీర్షికలోని రెండు విలువల మధ్య ఉన్న ఘర్షణే అనుమతి లైసెన్సుకూ జి.పి.ఎల్.కూ మధ్య ఉన్న ఘర్షణ.

దానశాసన సాదృశ్యం – దాని హద్దులు

ఇవ్వడంతో పాటు షరతును కూడా భావితరాలకు బదిలీ చేసే రచనారూపం రేనాటికి కొత్త కాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరులకు చేరువలోని ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో చెన్నకేశవాలయ ప్రాంగణంలో లభించిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలానికి చెందిన ఆ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తున్నారు. దానశాసన ప్రక్రియలో దాత, స్వీకర్త, దత్తవస్తువుల ప్రస్తావన తరువాత, దానాన్ని భంగపరచేవారికి పాతకం అంటుతుందన్న హెచ్చరిక సాధారణంగా ఉంటుంది. అది స్వీకర్తకు చెప్పిన మాట మాత్రమే కాదు. ఆ స్థలానికి తరువాత అధికారులయ్యే అజ్ఞాత వ్యక్తులందరినీ అది కట్టివేస్తుంది. ప్రతి కొత్త ప్రతితోనూ ప్రయాణించే జి.పి.ఎల్. షరతు నిర్మాణంలో దీనిని పోలి ఉంది.

అయితే సాదృశ్యాన్ని సమానత్వంగా భావించరాదు. శాసనం భూమిని ఒకరికి ఇస్తే ఇతరులకు ఆ భూమి లేకుండా పోతుంది. కోడ్ ఎందరికి ఇచ్చినా తరగదు. శాసనం పాపభీతిపై ఆధారపడితే లైసెన్సు న్యాయస్థానంపై ఆధారపడుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, శాసనం దత్తవస్తువు మారకుండా చూస్తుంది. జి.పి.ఎల్. దత్తవస్తువును మార్చే హక్కునే కాపాడుతుంది. ఈ మూడవ భేదం వల్ల లైసెన్సును తాళపత్ర సంప్రదాయంతో పోల్చడం మరింత ఉచితమవుతుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి, పండితులచే పాఠాలు పోల్చి రాయించి, 1829లో వేమన పద్యాలను ప్రచురించగలిగారంటే, ప్రతి చేతికందడం, దానిని నకలు చేయగలగడం, తేడాలను పరిశీలించగలగడం అన్న మూడు అవకాశాలు ఉండడమే కారణం. మూలసంకేతం అందుబాటు కోసం సాగుతున్న వాదం కోరేదీ ఈ మూడింటినే.

రేనాటి పాఠాలకు ఎదురైన సమస్య

డెస్క్‌టాప్ పబ్లిషింగ్ వచ్చిన తరువాత తెలుగు జిల్లాలన్నిటిలో వలెనే కడప జిల్లా పట్టణాలలోనూ కవితాసంపుటాలు, శతకాలు, స్థానిక చరిత్రలు, సిద్ధాంత గ్రంథాలు అను, శ్రీలిపి వంటి వాణిజ్య ఫాంట్లలో అక్షరరూపం దాల్చాయి. ఆ ఫాంట్లు వాటి కాలంలో చేసిన సేవను తక్కువ చేయడం న్యాయం కాదు. తెలుగు గుణింతాలను, ఒత్తులను సక్రమంగా చూపగల స్వేచ్ఛా సాధనాలు సిద్ధంగా లేని రోజుల్లో చిన్న పట్టణపు డి.టి.పి. కేంద్రాన్ని నిలబెట్టినవి అవే. అక్షరరూప శిల్పులకు జీవనోపాధి కావాలన్న వాదంలోనూ సత్యముంది.

సమస్య వెలలో లేదు, సంకేతంలో ఉంది. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో ఇమిడ్చి, ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలో తమకు తాముగా నిర్ణయించుకొన్నాయి. ఫాంటు మారితే పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా మారుతుంది. అందులో పదాన్ని వెతకడం, పదసూచిక తయారు చేయడం, పాఠాంతరాలను యంత్రంతో పోల్చడం సాధ్యం కాదు. యూనికోడ్ 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం కల్పించినా, ముద్రణ వ్యవహారం అటు మళ్ళడానికి చాలాకాలం పట్టింది. ఈ నడుమ కూర్చిన పుస్తకం కాగితంపై ఉన్నా, దాని డిజిటల్ పాఠం ఒక ప్రోగ్రాము మనుగడపై ఆధారపడి ఉంది. తాళపత్రానికి చెద ఎటువంటిదో డిజిటల్ పాఠానికి మూసిన సంకేతం అటువంటిది.

దీనికి విరుగుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుంచే రావడం గమనార్హం. 2003లో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ' దినపత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. దాని కోడ్ అందుబాటులో ఉండడం వల్లనే వీవెన్ 'లేఖిని'ని నిర్మించగలిగారు. ఒక పరిష్కర్త ప్రతిపై మరొక పరిష్కర్త పనిచేసిన తీరు ఇది. దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జి.పి.ఎల్. కింద, సిలికానాంధ్ర విడుదల చేసిన సూరన్న, ధూర్జటి, పెద్దన మొదలైన ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద లభిస్తున్నాయి.

స్వేచ్ఛా వాదంలోని లోపాలు

స్వేచ్ఛా పక్షాన్ని కూడా విమర్శకు గురిచేయాలి. మార్చే హక్కు ఉన్నంతమాత్రాన మార్చగల శక్తి కలగదు. కోడ్ చదవలేని తెలుగు పరిశోధకునికి తెరచిన మూలసంకేతమూ మూసిన దానితో సమానమే. స్వచ్ఛంద శ్రమపై నడిచే సాధనాన్ని నిర్వహించేవారు లేకపోతే అదీ నిలిచిపోతుంది. లైసెన్సు దాన్ని మరొకరు పునరుద్ధరించే అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ అవకాశం విలువైనదే కాని, దానంతట అది ఫలించదు.

మరొక హద్దు ఉంది. సాధనం స్వేచ్ఛగా ఉన్నా పాఠంపై కర్త హక్కు అలాగే ఉంటుంది. కర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఆ హక్కు కొనసాగుతుంది. 1988లో మరణించిన రా.రా. రచనలపై 2048 చివరి వరకు, ప్రొద్దుటూరును కర్మభూమిగా చేసుకొని 1990లో మరణించిన పుట్టపర్తి నారాయణాచార్యుల రచనలపై 2050 చివరి వరకు హక్కు చెల్లుతుంది. వారి పాఠాలు పరిశోధనకు యంత్రపఠనీయంగా అందాలంటే హక్కుదారుల సమ్మతి అవసరం. ఆ సమ్మతిని క్రియేటివ్ కామన్స్ వంటి లైసెన్సు రూపంలో స్పష్టంగా ప్రకటించడం మౌఖిక అంగీకారం కంటె మేలైన మార్గం.

ముగింపు

సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వివాదం ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదని పై పరిశీలన నిరూపిస్తున్నది. 'ఉచితం', 'స్వేచ్ఛ'ల భేదాన్ని చెరిపివేస్తే వివాదమే అర్థం కాదు. 'యాజమాన్యం' అన్న మాటను భేదకంగా గ్రహిస్తే స్వేచ్ఛా లైసెన్సు పనిచేసే తీరు మరుగున పడుతుంది. పరిభాషా నిర్ణయంలో తెలుగు శాఖలకు బాధ్యత ఉంది. అంతకంటె తక్షణమైన బాధ్యత పాఠరక్షణ. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలో ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ కళాశాల ఉంది. పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల, ఇడుపులపాయలో ఆర్.జి.యు.కె.టి. ప్రాంగణం ఉన్నాయి. పాఠం తెలిసినవారూ, కోడ్ తెలిసినవారూ ఒకే జిల్లాలో ఉండి కలవకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్‌లోనే స్వీకరించడం, స్థానిక ప్రచురణల ఫాంటు ఫైళ్ళను అవి తెరుచుకొనే కాలంలోనే సేకరించి మార్చడం, మార్పిడికి రాసిన కోడ్‌ను జి.పి.ఎల్. కింద విడుదల చేయడం అన్న మూడు పనులను ఈ విద్యాసంస్థలు కలిసి చేపట్టవచ్చు. కలమళ్ళ శాసనం శిథిలమైనా, మిగిలిన అక్షరాలను నేటికీ చదవగలుగుతున్నారంటే, ఆ లిపి సంకేతం ఎవరి సొత్తూ కాకపోవడం అందుకు ఒక కారణం. నిన్నమొన్న ముద్రితమైన రేనాటి కవితాసంపుటానికి కూడా ఆ అవకాశం దక్కాలి.