ఏకాంతవాసానికి ఒకే ఆట

1993 జులై 1వ తేదీన సోయజ్ టి.ఎం.-17 నౌకలో బయలుదేరి మీర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన రష్యను వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ తన సామానులో ఒక చిన్న ఆటయంత్రాన్ని కూడ తీసుకొనిపోయినారు. అది జపాను దేశపు నింటెండో సంస్థ చేసిన గేమ్ బాయ్. దానిలో పెట్టిన ఆట టెట్రిస్. 1994 జనవరి 14న ఆయన తిరిగి నేలమీద దిగేవరకు, అనగా 196 రోజులపాటు, ఆ యంత్రం ఆయనతోబాటు భూమిచుట్టు సుమారు 3,000 ప్రదక్షిణలు చేసినది.

ఈ సంఘటన ఒక ప్రశ్నకు దారితీస్తుంది. చాలకాలం ఒంటరిగా ఉండవలసిన మనిషికి ఒకే ఒక్క వీడియో ఆటను వెంట ఉంచుకొనే అవకాశమున్నట్లయితే, అతడు దేనిని ఎన్నుకోవాలి? ఎన్నిసార్లు ఆడినా విసుగు పుట్టని ఆట ఏది?

ఇది ఉబుసుపోకకు వేసిన ప్రశ్న కాదు. అంటార్కిటికాలోని మైత్రి, భారతి కేంద్రాలలో శీతకాలం గడిపే భారతీయ బృందాలకు నెలల తరబడి బయటినుండి మనిషి రాడు. 2020 మార్చి 25 నుండి దేశమంతట ఇళ్ళ తలుపులు మూసుకొన్నప్పుడు కోట్లమంది పిల్లలకు ఏకాంతవాసమంటే ఏమిటో తెలిసివచ్చినది. అట్టి సమయంలో చేతిలో ఉండే ఆట మనస్సుకు ఆహారం కావచ్చును, లేక మనస్సునే ఆహారంగా తినవచ్చును. కనుక ఈ ఎన్నికను కొంచెం శాస్త్రీయంగా పరిశీలించుట మంచిది.

ఎన్నికకు కొలతలు

2010 జూన్ 3 నుండి 2011 నవంబరు 4 వరకు మాస్కో నగరంలో ఆరుగురు పురుషులు మూసివేసిన గదులలో 520 రోజులు గడిపినారు. అంగారక యాత్రకు నమూనాగా జరిపిన ఈ ప్రయోగానికి మార్స్-500 అని పేరు. వారి శరీర చలనాలను యంత్రాలతో కొలిచిన పరిశోధకులు 2013లో ఫలితాలు ప్రకటించారు. రోజులు గడచినకొద్దీ వారి కదలికలు తగ్గినవి. నిద్రకు, విశ్రాంతికి పట్టే సమయం పెరిగినది. పలువురికి నిద్రవేళలు గాని, నిద్ర నాణ్యత గాని చెడినవి. ఏకాంతం మనిషిని మొదట దెబ్బతీసేది ఇక్కడనే.

దీనినిబట్టి నాలుగు కొలతలు ఏర్పరచుకొనవచ్చును. మొదటిది, ఆట స్వయంసమృద్ధంగా ఉండాలి. ఇంటర్నెట్టును, డబ్బును, ఇతర ఆటగాండ్రను అడుగకూడదు. రెండవది, ప్రతిసారి కొత్త సమస్యను పెట్టాలి. మూడవది, ఆడేవాని నేర్పు నెలల తరబడి పెరుగుతూ ఉండాలి. నాలుగవది, ఆపవలసినప్పుడు ఆపుటకు వీలుండాలి. నిద్రను, వ్యాయామాన్ని కాజేయరాదు.

నేడు ఫోనులలో పిల్లలు ఆడే ఆటలు పెక్కింటికి మొదటి కొలతలోనే చుక్కెదురవుతుంది. నెట్టు లేనిదే అవి తెరచుకొనవు. తెరచుకొన్నా రోజూ రమ్మని బహుమానాల ఆశ చూపుతవి. వాటిని పక్కకు పెట్టి, ప్రసిద్ధికెక్కిన కొన్నింటిని చూద్దాము.

ఏడు ముక్కల ఆట

టెట్రిస్‌ను 1984లో మాస్కోలో, సోవియెట్ శాస్త్ర అకాడమీకి చెందిన గణన కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ రచించారు. ఆయన వాడిన ఎలక్ట్రోనికా-60 యంత్రానికి బొమ్మలు గీయుట రాదు. అందుచేత అక్షరాల గుర్తులతోనే ముక్కలను చూపించారు. ఆట సూత్రం అందరికీ తెలిసినదే. నాలుగేసి చదరాలతో చేసిన ఏడు రకాల ముక్కలు పైనుండి పడుతూ ఉంటవి. పది గళ్ళ వెడల్పు, ఇరవై గళ్ళ ఎత్తుగల పాత్రలో వాటిని సందు లేకుండా పేర్చాలి. నిండిన వరుస మాయమవుతుంది.

దీనిలోని గణితం తరగతి గదిలో కూడ పనికివస్తుంది. ఏడు ముక్కలను అట్టతో కత్తిరించి, ఒక్కొక్కదాని చదరాలకు చదరంగపు బల్లవలె నలుపు తెలుపు రంగులు వేసి చూడవచ్చును. ఆరు ముక్కలలో రెండు నలుపు, రెండు తెలుపు వస్తవి. టి ఆకారంలో ఉన్న ముక్కలో మాత్రం ఒక రంగు మూడు, రెండవ రంగు ఒకటి వస్తవి. కనుక ఏడింటిలోని 28 చదరాలలో ఒక రంగు 15, మరొకటి 13. కాని 4×7 దీర్ఘచతురస్రంలో రెండు రంగులూ పదునాలుగేసి ఉంటవి. కాబట్టి ఏడు ముక్కలతో ఆ దీర్ఘచతురస్రాన్ని ఎవరూ నింపలేరు.

ఈ ఆటలో ఎప్పటికీ ఓడకుండా ఉండవచ్చునా? ఎస్, జెడ్ ఆకారపు ముక్కలు ఒకదాని తరువాత ఒకటి అదేపనిగా వచ్చినచో ఎంతటి నిపుణుడైనా చివరకు ఓడక తప్పదని 1990 తరువాతి దశాబ్దంలో గణితజ్ఞులు నిరూపించారు. ముక్కలు పూర్తిగా యాదృచ్ఛికంగా వచ్చే ఆటను అంతులేకుండా సాగిస్తే అట్టి దురదృష్టపు వరుస ఎప్పుడో ఒకప్పుడు వచ్చితీరుతుంది. ఇక 1989 నాటి నింటెండో టెట్రిస్‌లో ఓటమికి బదులు ఆ ప్రోగ్రామే ఆగిపోయేవరకు ఆడినవాడు 13 సంవత్సరాల అమెరికను బాలుడు. అది జరిగినది 2023 డిసెంబరులో. ముప్పై నాలుగేండ్ల తరువాత కూడ ఒక ఆటలో కొత్త నేర్పు బయటపడినదంటే, మూడవ కొలతలో దానికి లోటు లేదని ఒప్పుకొనవలసిందే.

లోటు మరొక చోట ఉన్నది. 2000లో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం టెట్రిస్ ఆడినవారిని నిద్ర పట్టే వేళ ప్రశ్నించినది. పెక్కుమందికి పడుతున్న ముక్కలే కండ్లముందు కనిపించినవి. జ్ఞాపకశక్తి దెబ్బతిని, తాము ఆ ఆట ఆడిన సంగతే మరచిన రోగులలో కొందరికి కూడ అవి కనిపించినవి. ఆకారాలు అంత లోతుగా మనస్సులో దిగుతవి. కాని దిగేది ఆకారాలే. టెట్రిస్ ఆట ఒకటి ముగిసిన తరువాత చెప్పుకొనేందుకు కథ ఉండదు. నిన్నటి ఆటకు, నేటి ఆటకు గుర్తుండే భేదముండదు. పనుల నడుమ అరగంట తీరిక దొరికే వ్యోమగామికి అది చాలును. రోజులన్నీ ఒకే రీతిగా ఉన్నవానికి ఆట కూడ ఒకే రీతిగా ఉండుట ఉపశమనం కాదు.

సంఖ్య వేరు, వైవిధ్యం వేరు

అయితే అనంతమైన లోకాలున్న ఆటను తీసుకొంటే సరి గదా అని ఎవరైనా అనవచ్చును. 2016లో ఇంగ్లండు నుండి వెలువడిన నో మాన్స్ స్కై అనే ఆటలో గ్రహాల సంఖ్య 2కు 64వ ఘాతం, అనగా 1,84,46,74,40,73,70,95,51,616. సెకనుకొక గ్రహాన్ని చూచినా అన్నింటినీ చూచుటకు సుమారు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. అయినా అది వెలువడిన కొద్దివారాలకే, గ్రహాలన్నీ ఒకదాని పోలికగానే ఉన్నవని ఆడినవారు విసుగుకొన్నారు. తయారుచేసినవారు తరువాతి సంవత్సరాలలో చాల మార్పులు చేసి దానిని బాగుచేశారు. కాని మొదటి అనుభవం నేర్పిన పాఠం విలువైనది. సముద్రతీరంలో ఏ రెండు ఇసుక రేణువులూ అచ్చంగా ఒకటి కావు. అయినా ఇసుకను చూస్తూ కూర్చున్నవాడు కొంతసేపటికి లేచిపోతాడు.

రసాయనశాస్త్రం దీనికి విరుద్ధమైన ఉదాహరణ. మూలకాలు నూటికి కొద్దిగా మించి ఉన్నవి. అవి ఒకదానితో ఒకటి కలియుటకు నియమాలున్నవి. ఆ కొద్ది నియమాలనుండి కోట్ల పదార్థాలు పుట్టినవి. ఆటలో కూడ తరగని కొత్తదనం వస్తువుల లెక్కనుండి రాదు, వాటి సంయోగాలనుండి వస్తుంది. 1991లో వచ్చిన సివిలైజేషన్‌లో ఈ గుణం ఉన్నది. కాని "ఇంకొక్క వంతు" అనుకొంటూ తెల్లవారుదాక కూర్చోబెట్టుటలో అది పేరుమోసినది. నిద్రవేళలు తప్పే ప్రమాదమున్న ఏకాంతవాసికి నాలుగవ కొలతలో అది తగినది కాదు.

చివరి ఎన్నిక

నాలుగు కొలతలకు ఎక్కువగా సరిపోయేది 1987లో మొదట వెలువడిన నెట్‌హాక్. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల చేతిలో పుట్టిన రోగ్ అనే ఆటకు ఇది వారసురాలు. ఒక వీరుడు నేలమాళిగలలోకి దిగి ఒక తాయెత్తును సంపాదించి పైకి రావాలి. కథ ఇంతే. మాళిగలు ప్రతిసారి కొత్తగా ఏర్పడతవి. వీరుడు చనిపోతే ఆ ఆట పోయినట్లే; దాచుకొన్న చోటినుండి మళ్ళీ బ్రతికించుకొనుటకు వీలులేదు. నెట్టు అక్కరలేదు, పాత కంప్యూటరు చాలును, వెల లేదు. ఆడేవాడు మీట నొక్కేవరకు ఆట కదలదు గనుక ఏ క్షణంలోనైనా దాచి లేచిపోవచ్చును.

దీని బలం నియమాల సంయోగంలో ఉన్నది. ఇందులో కాకట్రైస్ అనే కల్పిత జంతువున్నది. దాని కళేబరాన్ని ఒట్టి చేతితో తాకినవాడు రాయి అయిపోతాడు. అయితే చేతులకు తొడుగులుంటే? దానినే ఆయుధంగా పట్టుకొని శత్రువులను రాళ్ళు చేయవచ్చును. అట్లు పట్టుకొని నడుస్తూ గోతిలో పడితే? ఆ కళేబరం మీదనే పడి తానే రాయి అవుతాడు. ఇవన్నీ ఒకే నియమంనుండి వచ్చిన పర్యవసానాలు. "ఇట్లు చేస్తే ఏమవుతుంది?" అని అడిగిన ప్రతివారికి ఆట సమాధానం చెబుతుంది. ప్రయోగశాలలో విద్యార్థికి కలగవలసిన బుద్ధి కూడ ఇదే.

మరొక విశేషం. ఈ ఆట కంప్యూటరు గడియారాన్ని చూచుకొంటుంది. పౌర్ణమినాడు వీరుని అదృష్టం కొంచెం పెరుగుతుంది. పదమూడవ తేదీ శుక్రవారం వస్తే తగ్గుతుంది. ఇది శాస్త్రం కాదు, వేడుక మాత్రమే. అయినను కిటికీ లేని గదిలో ఉన్నవానికి ఈ రోజు పౌర్ణమి అని గుర్తుచేసే ఆట మరొకటి అరుదు.

దోషాలు లేకపోలేదు. వీరుడు ఒక గుర్తుగా, రాక్షసులు అక్షరాలుగా కనిపించే తెర కొత్తవారిని వెనుకకు తరుముతుంది. ఇంగ్లీషు చదువ రానివారికి ఇది మూసిన తలుపే. కొన్ని రహస్యాలు ఎంత తెలివిగలవానికైనా మరొకరు చెప్పనిదే తెలియవు. కొన్ని మరణాలు అన్యాయంగా తోస్తవి. నెలరోజుల శ్రమ ఒక్క అడుగులో పోవచ్చును. మనస్సు క్రుంగి ఉన్నవానికి ఈ దెబ్బ చిన్నది కాదు. అట్టివానికి టెట్రిస్‌యే మేలు.

1970 జూన్ 9న సోయజ్-9 నౌకలోని నికోలయెవ్, సెవస్త్యానోవ్ భూమిమీది సహోద్యోగులతో చదరంగమాడి ఆటను సమానంగా ముగించారు. అక్కడ వారికి దొరికినది ఎత్తుగడలకన్న పెద్దది; ఎదుట మరొక మనస్సు ఉన్నదన్న ధైర్యం. ఎంతటి మంచి వీడియో ఆటయైనా ఆ ఒక్కదానిని ఇవ్వలేదు. ఒంటరిగా ఉన్న విద్యార్థికి ఆటను చూపించే ఉపాధ్యాయుడు వారానికొకసారి "నీ వీరుడు ఎట్లు చనిపోయినాడు?" అని అడుగుట మరువరాదు. నెట్‌హాక్‌లో ఆ ప్రశ్నకు ప్రతివారం కొత్త జవాబు ఉంటుంది.