కోక్రేన్ చిహ్నంలో కనిపించని స్థలం

ఏయే అధ్యయనాలను వెతకాలో, వేటిని విడిచిపెట్టాలో ముందే ప్రకటించి చేసేది క్రమబద్ధ సమీక్ష. (తెలుగు సిద్ధాంత గ్రంథాలలోని ‘పూర్వ పరిశోధనల సమీక్ష’కు ఇంతటి నియమం లేదు.) వైద్యరంగంలో దాని ఆవశ్యకతకు నిదర్శనంగా కోక్రేన్ సంస్థ చిహ్నాన్ని చూపుతారు. అందులోని ఏడు అడ్డగీతలు ఏడు ప్రయోగాలు. నెలలు నిండకముందే ప్రసవించబోయే తల్లికి కార్టికోస్టెరాయిడ్ ఇస్తే శిశుమరణాలు తగ్గుతాయా అన్నది వాటి ప్రశ్న. లిగిన్స్, హోవీల తొలి ప్రయోగం 1972లో వెలువడింది. క్రమబద్ధ సమీక్ష 1989 దాకా రాలేదు. ఆ జాప్యం ప్రాణాలు తీసిందన్న వాదన సమంజసమే.

అయితే ఆ ప్రయోగాలు ప్రధానంగా సంపన్న దేశాల ఆసుపత్రులలో జరిగినవి. చిహ్నం ఈ సంగతి చెప్పదు. భారతదేశం సహా ఆరు దేశాలలో, గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల ద్వారా కూడా ఈ చికిత్సను విస్తరించిన ‘యాక్ట్’ ప్రయోగంలో (2015) తక్కువ బరువు శిశువుల మరణాలు తగ్గలేదు. పైగా మొత్తం మీద ప్రతి వెయ్యిమంది తల్లులకు 3.5 నవజాత మరణాలు అదనంగా నమోదయ్యాయి. గర్భం ఎన్నో వారమో రూఢిగా తెలియని చోట, మందు పొందిన తల్లులలో అధికులకు పుట్టినవారు తక్కువ బరువు శిశువులే కారు.

దీనిని సమీక్షా పద్ధతి వైఫల్యమనడం తొందరపాటు. ప్రయోగాలు ఎక్కడ జరిగాయో తెలిపే పట్టిక సమీక్షలోనే ఉంటుంది. సగటును సూచించే వజ్రాకృతిని చూశాక దానిని తిరగేసేవారు అరుదు. అల్ట్రాసౌండ్‌తో వారాలు నిర్ధారించి, ఆసుపత్రులలోనే మందు ఇచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగంలో (2020) భారత్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, కెన్యా, నైజీరియాలలో నవజాత మరణాలు తగ్గాయి.