బావి తొలి పొంగు – తుది లెక్క

కొత్త బోరు తొలినాడు పోసిన నీటిని చూచి జూలూరుపాడు రైతు ఎకరాలు లెక్కవేయడు. వేసవి దాకా ఆగుతాడు. సహజవాయు బావుల అంచనాలలో ఈ ఓర్పు తరచు లోపిస్తున్నది. కృష్ణా–గోదావరి డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో వాయూత్పత్తి మొదలైనది. రోజుకు 8 కోట్ల ఘనమీటర్లు అంచనా. 2010లో దాదాపు 6 కోట్లకు చేరి, పిమ్మట పీడనం తగ్గి, నీరు చొచ్చి క్షీణించినది. ఆ లెక్కను నమ్మి కట్టిన విద్యుత్కేంద్రాలు కొన్ని వాయువు లేక నిలిచిపోయినవి.

అది ఇసుకరాతి నిక్షేపం. షేల్ శిలలో చిక్కు ఇంకా ఎక్కువ. పగుళ్ళ దగ్గరి వాయువు త్వరగా, దూరపుది అతి మెల్లగా వస్తుంది. అందుచేత సాధారణంగా తొలి ఏడాదిలోనే దిగుబడి సగానికి పైగా పడిపోతుంది. 1945లో ఆర్ప్స్ ఇచ్చిన క్షీణతా సూత్రాన్ని ఈ రేఖకు అతికిస్తే ఘాతాంకం తరచు 1ని మించుతుంది. అప్పుడు మొత్తం దిగుబడి అనంతమని తేలుతుంది! పరిమితమైన రాతిలో అనంతమైన వాయువు ఎక్కడిది? హద్దు చెప్పని సూత్రం సగం పాఠమే. తరగతిలో ఈ రేఖను గీయించేటప్పుడు ఆ హద్దును కూడ గుర్తింపజేయాలి.