మిస్సమ్మ: నటించిన దాంపత్యము

కడప జిల్లావాడైన బి. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మింపగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వమున 1955లో వెలువడిన ‘మిస్సమ్మ’లో హాస్యమునకు మూలము ఒక కపటము. నిరుద్యోగియగు ఎం.టి. రావును, డేవిడ్ అప్పు తీర్పవలసిన మేరీయు ఉపాధ్యాయ పదవులకై దంపతులుగా నటింతురు. ఆ పదవులకు దంపతులే కావలెనను నియమమే వారిచే అబద్ధమాడించినది గనుక ప్రేక్షకుడు వారిని దోషులుగా నెంచడు. రావు ఆ వేషమున సులువుగా ఇమిడిపోవును. మేరీ తన మతమును, అభిమానమును విడువజాలదు. నవ్వు పుట్టునది ఈ వైరుధ్యమునందే.

తుదకు మేరీయే జమీందారుకు తప్పిపోయిన కుమార్తె మహాలక్ష్మి యని తేలును. భిన్నమతస్థుల వివాహమను చిక్కును కథ ఇచట దాటివేసినది. మేరీ మేరీగానే మిగిలియున్నచో జమీందారు దంపతులు ఆమె అబద్ధమును మన్నింతురా? ఈ ప్రశ్నకు చిత్రమున సమాధానము లేదు.