తెలుగు డొమైన్ నామాలు: లిపి ప్రవేశం, భాషా ప్రవేశం - ఒక పరిశీలన

కీలకపదాలు: డొమైన్ నామం, తెలుగు లిపి, అజంతం, పొల్లు, ఐకాన్, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

1980లలో రూపొందిన డొమైన్ నామ వ్యవస్థలో చిరునామాకు రోమన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే ఆధారం. 2003లో వెలువడిన ప్రమాణం ఇతర లిపులకు దారి తెరిచింది. అయితే చదువరి తెలుగులో టైపు చేసిన పేరును ప్యూనీకోడ్ అనే పద్ధతి రోమన్ సంకేతాల వరుసగా మార్చి వ్యవస్థకు అందిస్తుంది. తెరమీద కనిపించేది తెలుగు. లోపల పనిచేసేది నేటికీ రోమన్ వరుసే. ఈ ఏర్పాటులో తెలుగుకు దక్కినది లిపిస్థానమా, భాషాస్థానమా అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. '.భారత్' - పేరులోని భాష:

భారతదేశానికి చెందిన తెలుగు లిపి డొమైన్‌గా '.భారత్' 2011లో ఆమోదం పొందింది. అదే దేశానికి తమిళంలో '.ఇందియా' అన్న రూపం, కన్నడంలో '.భారత' అన్న అజంత రూపం, మలయాళంలో '.భారతం' అన్న రూపం ఆయా లిపుల్లో ఉన్నాయి. ఈ మూడూ ఆయా భాషల పదాంత స్వభావానికి లోబడినవే. అజంత భాషగా పేరొందిన తెలుగుకు మాత్రం హిందీ ఉచ్చారణను నిలిపే హలంత రూపం దక్కింది. పత్రికాభాషలో 'భారత్' విరివిగా వాడుకలో ఉన్నందున దానిని పరాయి పదంగా భావించనక్కరలేదనే వాదానికి బలముంది. కాని ఆ వాదాన్ని అంగీకరిస్తే, ఆధునిక తెలుగులో హలంత పదాలు స్థిరపడ్డాయని ఒప్పుకున్నట్లే. అప్పుడు పదమధ్యంలోని పొల్లును కూడా నియమాలు గుర్తించాలి.

3. పదమధ్యంలో పొల్లు:

'హైదరాబాద్' వంటి హలంత నామానికి విభక్తి చేరితే 'హైదరాబాద్‌లో' అని రాస్తారు. దకారం కింద లకారం ఒత్తుగా మారకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతం. అది లేకపోతే 'హైదరాబాద్లో' అవుతుంది. 'పాస్‌పోర్ట్' కూడా 'పాస్పోర్ట్' అవుతుంది. 2003 ప్రమాణం ఈ సంకేతాన్ని చిరునామా నుంచి తొలగించింది. 2010లో వెలువడిన కొత్త ప్రమాణం పొల్లు తరువాత దానిని అనుమతించింది. కనుక పాత, కొత్త పద్ధతులను అనుసరించే సాఫ్ట్‌వేర్లు ఒకే తెలుగు పేరును వేర్వేరు చోట్లకు చేర్చగలవు. చిరునామాలో చుక్క తరువాత వచ్చే చివరి భాగాలకు వర్తించే ఐకాన్ నియమావళిలో ఈ సంకేతానికి చోటే లేదు. ఫలితంగా 'భారత్' చివరి పొల్లుకు అడ్డులేదు. మధ్య పొల్లుకు మాత్రం సరైన రాతలేదు.

4. కన్నడ లిపితో సామ్యం:

భద్రతా కారణాలను తోసిపుచ్చలేం. ర, ల, ద, బ వంటి అక్షరాలు తెలుగు, కన్నడ లిపుల్లో దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి. యూనికోడ్‌లో వాటి సంకేతాలు వేరు. ఈ సామ్యంతో మోసపు చిరునామాలు సాధ్యమవుతాయి. నియో-బ్రాహ్మీ జనరేషన్ ప్యానెల్ రూపొందించగా 2019లో మూలమండల నియమావళిలో చేరిన తెలుగు నియమాలు ఇటువంటి జంటలను పరస్పర రూపాంతరాలుగా గుర్తించాయి. ఒక లిపిలోని పేరు ఒకరికి దక్కితే, రెండవ లిపిలోని దాని ప్రతిరూపం ఇతరులకు దక్కదు. లిపి చరిత్ర తెలిసిన దృష్టి ఇక్కడ ప్రయోజనకరంగా పనిచేసింది. రూపసామ్యానికి లభించిన ఈ శ్రద్ధ పదనిర్మాణానికి లభించకపోవడమే లోపం.

5. ముగింపు:

* తెలుగు లిపికి డొమైన్ వ్యవస్థలో ప్రవేశం లభించింది. తెలుగు పదస్వరూపానికి అది పాక్షికమే.
* హలంత నామాలు, వాటిపై చేరే విభక్తులు అన్నవి వ్యాకరణాంశాలు. వాటిని సాంకేతిక నిపుణులకే వదిలివేయడం తగదు.
* ఇటువంటి నియమావళులు ముసాయిదా దశలో ప్రజాభిప్రాయానికి వస్తాయి. ఆ దశలోనే తెలుగు శాఖలు పొల్లు, సంయుక్తాక్షరాల గురించి సోదాహరణంగా వాదించాలి. రోమన్ లిపి చదవలేని తెలుగు పాఠకునికి చిరునామా సరిగ్గా చేరడం ఆ వాదనపై ఆధారపడి ఉంది.