వాద్యమొక్కటే, దూరములు మూడు

కొల్లాపురములో కూర్చున్న సంగీతాభిమాని నేడు కంప్యూటరు మీటలు నొక్కి లండను వాద్యబృందమును పలికింపగలడు. ఒక్కొక్క వాద్యము పలుకు స్వరములను విడివిడిగా రికార్డు చేసి భద్రపరచిన ఈ భాండాగారములకు శాంపిల్ లైబ్రరీలని పేరు. వీనిలో స్వరములెన్ని గలవని అందరును అడుగుదురు. మైకు ఎక్కడ నుంచిరని అడుగువారు అరుదు. గుణదోషములను తేల్చునది ఆ రెండవ ప్రశ్నయే.

వియెన్నా సింఫోనిక్ లైబ్రరీ వారు తొలుత ప్రతిధ్వని మిక్కిలి తక్కువగా నుండునట్లు ప్రత్యేకముగా నిర్మించిన గదిలో స్వరములను పట్టిరి. స్వరము నిర్మలము, కాని హాలు గుణమును మనమే కృత్రిమముగా చేర్చుకొనవలెను. లండనులోని స్పిట్‌ఫైర్ వారు పూర్వము చర్చిగా నుండిన లిండ్‌హర్స్ట్ హాలును ఎన్నుకొనిరి. అచట వాద్యము చెంత కొన్ని మైకులు, దూరమున మరికొన్ని, నడుమ నిర్వాహకుని తలపైన ‘డెక్కా ట్రీ’ అను మూడు మైకుల అమరిక. ఈ అమరికను డెక్కా కంపెనీ ఇంజనీర్లు 1954లో రూపొందించిరి. ఇందు హాలు అందము స్వరముతోనే వచ్చును, వద్దన్నను పోదు. వియెన్నా వారు సైతము 2015లో పెద్ద హాలును స్టూడియోగా తెరచుట గమనింపదగినది.

2019లో వెలువడిన బి.బి.సి. సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీ పెద్ద కూర్పులో ఇట్టి ధ్వని మార్గములు 20 గలవు. అన్నింటిని తెరచినచో సహజత్వము పెరుగునా? పెరుగదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. ఒకే వాద్యమునకు రెండు మైకుల దూరములలో 3.4 మీటర్ల భేదమున్నచో, రెండవదానికి ధ్వని 10 మిల్లీసెకన్లు ఆలస్యముగా చేరును. రెండింటిని సమాన బలముతో కలిపిన 50, 150, 250 హెర్ట్జుల తరంగములు ఒకదానినొకటి రద్దు చేసికొనును. నాదము బోలుపడును.

నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరను ఈ బృందముతో కలుపవలెనని మన విద్యార్థికి తోచుట సహజము. జానెడు దూరమున మైకు పెట్టి, చిన్న గదిలో పట్టిన కిన్నెర చెవిలోనే మ్రోగును. వయొలిన్లు హాలు ఆవలి గోడ దగ్గర నుండును. రెండును ఒకే చోట నున్నవని చెవి నమ్మదు. దోషము కిన్నెరది కాదు, దూరముది.

కావున బృందమునకు ట్రీ ధ్వనిని ఆధారముగా గొని, చెంత మైకును కొలదిగా కలుపవలెను. కిన్నెరను పాఠశాల పెద్ద హాలులో రెండు, మూడు మీటర్ల దూరమునుండి కూడ పట్టవలెను. ఉపాధ్యాయులు రెండు రికార్డులను సమాన బిగ్గరతనముతో వినిపించి తీర్పు అడుగవలెను. ఏలయన బిగ్గరగా వినబడినదే మంచిదని చెవి పొరబడును.