‘కన్యాశుల్కం’ నాటకం - చలనచిత్రం: అనుసరణలో మారిన స్వరం

వ్యాససంగ్రహం:

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని వినోదా పిక్చర్స్ సంస్థ 1955లో చలనచిత్రంగా నిర్మించింది. మూలానికి ఎంతవరకు కట్టుబడింది అన్న కొలతతోనే ఈ చిత్రాన్ని అంచనా వేయడం పరిపాటి. ఆ కొలత ఒక్కటే చాలదని ఈ వ్యాసం భావిస్తుంది. నాటకం పుట్టిన కాలానికీ, చిత్రం వచ్చిన కాలానికీ నడుమ సమస్య స్వరూపమే మారిపోయింది. ఆ మార్పు చిత్రం మీద ఎలా పనిచేసిందో ‘పూర్ణమ్మ’ గేయం చేరిక, తారల నటన, ఉత్తరాంధ్ర నుడి అనే మూడు అంశాల ఆధారంగా పరిశీలించి, నాటకంలోని వ్యంగ్యం తెరమీద కరుణవైపు మళ్ళిందని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గురజాడ, కన్యాశుల్కం, చలనచిత్రానుసరణ, మధురవాణి, పూర్ణమ్మ, ఉత్తరాంధ్ర నుడి, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్యకృతులు తెరకెక్కడం కొత్త విషయం కాదు. కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం 1939లోనే చిత్రమైంది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నవల ‘డాక్టర్ చక్రవర్తి’గా 1964లోనూ, విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ 1969లోనూ, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ 1977లోనూ ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. అయితే వీటిలో వేటికీ లేని ఒక చిక్కు ‘కన్యాశుల్కం’ చిత్రానికి ఉంది. ఆ నాటకం ఆధునిక తెలుగు సాహిత్యానికి ప్రమాణగ్రంథం. తరగతి గదిలో పాఠ్యం, వేదిక మీద ప్రదర్శన, వాడుకలో సామెతల గని. ఇలాంటి కృతిని తెరకెక్కించినప్పుడు ప్రతి ప్రేక్షకుడూ తన చేతిలోని పుస్తకంతో తెరను పోల్చి చూస్తాడు.

నేడు పరిస్థితి తలకిందులైంది. చాలామంది విద్యార్థులు ముందు చిత్రం చూసి, ఆ తరువాత నాటకం దగ్గరకు వస్తున్నారు. కొందరు నాటకం దాకా రావడమే లేదు. గిరీశం అనగానే నందమూరి తారకరామారావు, మధురవాణి అనగానే సావిత్రి కళ్ళముందు కదులుతారు. చిత్రం నాటకానికి చేసిన మార్పులేమిటో తెలియకపోతే, చిత్రం చెప్పినదే గురజాడ చెప్పినదన్న భ్రమ స్థిరపడుతుంది. అందుకే ఈ పరిశీలన అవసరమైంది.

అనుసరణ అధ్యయనంలో జార్జ్ బ్లూస్టోన్ 1957లో వెలువరించిన గ్రంథం నవల, సినిమా వేర్వేరు మాధ్యమాలనీ, ఒకదాని విలువలతో మరొకదాన్ని తూచరాదనీ వాదించింది. 2006లో లిండా హచియన్ మరో అడుగు ముందుకు వేసి, అనుసరణను మూలం మీద జరిగిన ఒక వ్యాఖ్యానంగా, కొత్త సృష్టిగా కూడా చూడాలని ప్రతిపాదించారు. ఈ దృష్టితో చూసినప్పుడు, చిత్రం ఏం వదిలింది అన్న ప్రశ్న కంటే, ఎందుకు అలా చదివింది అన్న ప్రశ్న ఎక్కువ ఫలవంతమవుతుంది.

2. మూలం ఒక్కటేనా?

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. 1909లో రెండవ కూర్పు వెలువడింది. అయిదు అంకాల నాటకం ఏడు అంకాలకు పెరిగింది. ఈ పెరుగుదలలో ఎక్కువ లబ్ధి పొందిన పాత్ర మధురవాణి. మొదటి కూర్పులో సంఘసంస్కరణ ప్రయోజనం ముందు నిలిస్తే, రెండవ కూర్పులో మనుషులు ముందు నిలిచారు. అంటే ఈ నాటకానికి తొలి అనుసరణకర్త గురజాడే. పన్నెండేళ్ళ వ్యవధిలో ఆయనే తన రచనను మరో కాలానికి తిరగరాశారు. కాబట్టి ‘మూలానికి విధేయత’ అన్నప్పుడు ఏ మూలానికి అన్న ప్రశ్న తప్పదు.

మొదటి కూర్పుకు రాసిన పీఠికలో గురజాడ కొన్ని అంకెలు ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆదేశంతో విశాఖపట్నం జిల్లాలో సేకరించిన వివరాలవి. మూడేళ్ళలో నమోదైన శుల్క వివాహాలు 1,034. ఆ పెళ్ళికూతుళ్ళలో 99 మంది అయిదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, ఆరుగురు రెండేళ్ళవారు, ముగ్గురు ఏడాది పసికందులు. ఈ అంకెల వెనుక ఎంత దుఃఖం ఉందో చెప్పనక్కరలేదు. అయినా గురజాడ ఆ దుఃఖాన్ని నేరుగా వేదిక మీదికి తీసుకురాలేదు. సుబ్బి ఏడుపు మీద నాటకం నిలవదు. సుబ్బిని అమ్మజూపే అగ్నిహోత్రావధాన్ల కోపం మీద, కొనజూసే లుబ్ధావధాన్ల పిసినారితనం మీద, బేరం కుదిర్చే రామప్ప పంతులు కోతల మీద నిలుస్తుంది. చివరికి పెళ్ళిపీటల మీద కూర్చున్నది ఆడపిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. ఏ బాలికా బలికాకుండానే ఆచారం మొత్తం నవ్వులపాలు కావడం ఈ నాటకంలోని అసలైన నేర్పు.

3. 1955 నాటికి మారిన సమస్య:

నాటకం మూడు సామాజిక ప్రశ్నలను పట్టుకుంది: కన్యాశుల్కంతో ముడిపడిన బాల్యవివాహం, వితంతు వివాహం, వేశ్యావ్యవస్థ. చిత్రం విడుదలయ్యే నాటికి ఈ మూడింటినీ శాసనం తాకింది. వితంతు వివాహానికి 1856లోనే చట్టబద్ధత లభించింది. 1929లో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1947లో శాసనం చేసింది. చిత్రం వచ్చిన 1955లోనే హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చింది. మరోవైపు కన్యాశుల్కం స్థానాన్ని వరకట్నం ఆక్రమించి చాలా కాలమైంది. 1939 నాటి ‘వరవిక్రయం’ చిత్రమే ఇందుకు సాక్ష్యం.

1892లో విజయనగరం వేదిక ముందు కూర్చున్న ప్రేక్షకుడు తన ఇంటి వ్యవహారాన్ని చూశాడు. 1955లో విశాఖపట్నంలోనో, బెజవాడలోనో సినిమాహాలులో కూర్చున్న ప్రేక్షకుడు తన తాతల నాటి సంగతిని చూశాడు. వర్తమానం మీద విసిరిన వ్యంగ్యానికి పదును ఉంటుంది. గడిచిపోయిన దాని మీద విసిరితే అది వినోదంగా మిగిలే ప్రమాదముంది. చిత్ర నిర్మాతలకు ఎదురైన నిజమైన సమస్య ఇదే. చచ్చిపోయిన ఆచారం ప్రేక్షకుణ్ణి ఇంకా నొప్పించాలంటే ఏం చేయాలి?

4. పూర్ణమ్మ చేరిక:

ఈ ప్రశ్నకు చిత్రం వెతుక్కున్న సమాధానం ‘పూర్ణమ్మ’. నాటకంలో లేని ఈ గేయం గురజాడదే. డబ్బు కోసం ముసలివాడికి కట్టబెట్టిన పూజారి కూతురు, తోబుట్టువుల దగ్గర సెలవు తీసుకొని దుర్గ కొలనులో కలిసిపోయిన కథ అది. ఒకే రచయిత, ఒకే సమస్య మీద, రెండు ప్రక్రియల్లో, రెండు భిన్న రసాల్లో రాసిన రచనలను చిత్రం ఒకచోట చేర్చింది.

ఈ చేరికను బయటి సరుకుగా కొట్టివేయడం తొందరపాటు. నాటకం తెర వెనుక దాచిన ముఖాన్ని గేయం చూపించింది. పీఠికలో అంకెలుగా మిగిలిన 1,034 మందిలో ఒకరికి పేరూ, రూపమూ, తోబుట్టువులూ దక్కారు. కన్యాశుల్కం అంటే ఏమిటో అనుభవంలో లేని తరానికి, నవ్వుల వెనుక ఏముందో ఒక్క పాటలో తెలిసివచ్చింది. ఆ మేరకు చిత్రం నాటకాన్ని మాత్రమే కాక, గురజాడ సాహిత్యాన్ని అనుసరించిందని చెప్పవచ్చు.

అయితే దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. నాటకం ప్రేక్షకుణ్ణి నవ్విస్తూనే దోషిగా నిలబెడుతుంది. రామప్ప పంతులు అబద్ధానికి నవ్విన ప్రేక్షకుడు, ఆ అబద్ధంలో తన వాటా ఎంతో ఇంటికి వెళ్ళాక లెక్క చూసుకోవాలి. గేయం అలా చేయదు. అది ప్రేక్షకుణ్ణి పూర్ణమ్మ పక్షాన నిలబెట్టి కంటతడి పెట్టిస్తుంది. ఏడ్చినవాడు తనను తాను మంచివాడిగానే భావించుకుంటాడు. వ్యంగ్యం అడిగే ఆత్మపరిశీలనను కరుణ కొంతవరకు మాఫీ చేస్తుంది. చిత్రంలో మారిన స్వరం ఇదే.

5. తారలు - పాత్రలు:

నాటకంలో నాయకుడు లేడు. విజయనగరం బొంకుల దిబ్బ మీద మొదలయ్యే గిరీశం మాటల గారడీ చివరిదాకా సాగుతుంది గాని, రచయిత అతనికి ఎక్కడా నాయకత్వం కట్టబెట్టలేదు. చిత్రంలో ఆ పాత్ర ధరించినది ‘పాతాళభైరవి’ (1951)తో జనహృదయంలో స్థిరపడిన నటుడు. అలాంటి కథానాయకుడు మోసగాడి పాత్రకు ఒప్పుకోవడం సాహసమే. కానీ తారకు తెరమీద పుట్టుకతో వచ్చే అభిమానం ఒకటి ఉంటుంది. గిరీశం ఎంత దగా చేసినా, ఆ ముఖం మీది చిరునవ్వు ప్రేక్షకుణ్ణి అతని వైపే లాగుతుంది. నాటక పాఠకుడు గిరీశాన్ని మెచ్చుకుంటూ అనుమానిస్తాడు. చిత్ర ప్రేక్షకుడికి మెచ్చుకోలు సులువు, అనుమానం కష్టం.

మధురవాణి విషయంలో ఇదే తారాబలం మేలు చేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 1953లో, ఇదే వినోదా పిక్చర్స్ సంస్థకు డి.ఎల్. నారాయణ నిర్మించిన ‘దేవదాసు’లో సావిత్రి పార్వతిగా నటించారు. ఆ పాత్రలోని అభిమానం, లోపలే దిగమింగిన దుఃఖం ప్రేక్షకుడికి గుర్తుండగానే ఆమె మధురవాణిగా వచ్చారు. వేశ్యను చులకనగా చూసే అలవాటును ఆ జ్ఞాపకం అడ్డుకుంది. 1909 కూర్పులో గురజాడ మధురవాణికి ఇచ్చిన ఎత్తును తెరమీద నిలిపినది సంభాషణలతో పాటు సావిత్రి కళ్ళు కూడా. విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ రాసిన గీతం కూడా ఈ చిత్రంలో చోటుచేసుకోవడం మరో విశేషం. గురజాడ అడుగుజాడను తన దారిగా ప్రకటించుకున్న కవి మాట ఆ నాటకంలోకి అలా ప్రవేశించింది.

గోవిందరాజుల సుబ్బారావు (లుబ్ధావధాన్లు), సి.ఎస్.ఆర్. ఆంజనేయులు (రామప్ప పంతులు), విన్నకోట రామన్న పంతులు (అగ్నిహోత్రావధాన్లు) మాత్రం తారల కన్నా పాత్రలుగానే మిగిలారు. నాటకంలోని వ్యంగ్యం చిత్రంలో ఎక్కువగా బతికినది వీరి దగ్గరే. దర్శకుడు పి. పుల్లయ్య వారికి ఇచ్చిన చోటు ఈ చిత్రానికి పెద్ద బలం.

6. నుడి - నేల:

‘దేవదాసు’ బెంగాలీ నవలకు అనుసరణ. శరత్ వాక్యం తెలుగులోకి వచ్చేటప్పటికే దాని స్థానికత కరిగిపోయి, కథ మిగిలింది. కథను తెలుగు చేయడం సముద్రాల మాటకూ పాటకూ కష్టం కాలేదు. ‘కన్యాశుల్కం’ పరిస్థితి వేరు. అక్కడ కథ కన్నా నుడి పెద్దది. అగ్రహారపు బ్రాహ్మణుల మాట, గిరీశం ఇంగ్లీషు కలగలుపు, మధురవాణి చమత్కారం, అసిరిగాడి పల్లెపలుకు, సారాకొట్టులో పోగైన జనం వేదాంతం - ఒక్కొక్కరి మాటలో వారి కులం, చదువు, ఊరు వినిపిస్తాయి. పాత్రను మాటనుంచి విడదీయడం కుదరదు.

చిత్రం గురజాడ సంభాషణలను చాలావరకు నిలుపుకుంది. కానీ మాట నిలిచినంత మాత్రాన ఉచ్చారణ నిలవదు. తారకరామారావు కృష్ణా జిల్లా వారు. సావిత్రి, సౌజన్యారావుగా నటించిన గుమ్మడి గుంటూరు జిల్లా వారు. ఉత్తరాంధ్ర సాగదీత, ఎత్తిపొడుపు వారికి పుట్టినింటి సొమ్ము కాదు. విజయనగరానికి చెందిన జె.వి. రమణమూర్తి గిరీశంగా, జె.వి. సోమయాజులు రామప్ప పంతులుగా వేదిక మీద ఈ నాటకాన్ని ఆడినప్పుడు ప్రేక్షకులు విన్న ఊరిమాటతో పోలిస్తే ఈ తేడా తెలుస్తుంది. వారూ నాటకాన్ని కుదించే ఆడారు. కథ తగ్గినా నేల తగ్గలేదు.

నేల ప్రస్తావన వచ్చినప్పుడు విశాఖపట్నం పాత్రను విస్మరించరాదు. నాటకం విజయనగరంలో మొదలై, కృష్ణరాయపురం, రామచంద్రపురం అగ్రహారాల మీదుగా విశాఖపట్నం చేరుతుంది. రాజుగారి ఊరు, శాస్త్రం చెలామణి అయ్యే అగ్రహారం, దొరల కచేరీ ఉన్న జిల్లా కేంద్రం - మూడు అధికారాలు, మూడు చోట్లు. 1933లో ఓడరేవు ప్రారంభమై, ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చి పెరిగిన నేటి నగరం కాదది. వకీళ్ళు, సాక్షులు, బసల పట్నం. లేని పెళ్ళికూతురి హత్యానేరం మీద పడ్డ లుబ్ధావధాన్లు ఇక్కడికే వస్తాడు. అతణ్ణి గట్టెక్కించే నిజం మాత్రం న్యాయస్థానంలో బయటపడదు. మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వచ్చిన మధురవాణి నోట బయటపడుతుంది. చట్టం కొలువున్న ఊళ్ళో న్యాయం ఒక వేశ్య చేతిలో దొరకడం గురజాడ చేసిన అతి తీవ్రమైన వ్యంగ్యం. ఈ భూగోళం తెలిసిన పాఠకుడికి ఆ దెబ్బ తగిలినంతగా, ఊళ్ళన్నీ ఒకేలా కనిపించే మద్రాసు స్టూడియో కాలపు తెరను చూసే ప్రేక్షకుడికి తగలదు.

7. ముగింపు:

‘కన్యాశుల్కం’ చిత్రం నాటకానికి నకలు కాదు, విద్రోహం అంతకన్నా కాదు. చట్టాలు వచ్చి, ఆచారం పోయి, సమస్య జ్ఞాపకంగా మారిన కాలంలో గురజాడను చదివిన తీరు అది. పూర్ణమ్మను తెచ్చి, నాటకం చూపని కన్నీటిని చూపింది. సావిత్రి నటనతో మధురవాణి గౌరవాన్ని పెంచింది. అదే సమయంలో గిరీశం మీద ఉండవలసిన అనుమానాన్ని తగ్గించింది. ఉత్తరాంధ్ర నుడిని మాటలుగా కాపాడి, గొంతుగా పోగొట్టుకుంది.

కాబట్టి తరగతి గదిలో ఈ చిత్రాన్ని నాటకానికి బదులుగా చూపడం నష్టం, నాటకం పక్కన పెట్టి చూపడం లాభం. 1897 పీఠికలోని అంకెలు, 1909 పాఠం, ‘పూర్ణమ్మ’ గేయం, 1955 చిత్రం - ఈ నాలుగింటినీ వరుసగా పరిశీలించిన విద్యార్థికి ఒకే బాధ లెక్కగా, నవ్వుగా, పాటగా, బొమ్మగా ఎలా మారిందో అర్థమవుతుంది. చిత్రం చూసి ఏడ్చిన విద్యార్థి, నాటకం చదివి నవ్వి, ఆ నవ్వు తన మీదికే తిరిగిందని గుర్తించిన రోజున అనుసరణ ప్రయోజనం నెరవేరినట్లే.